4,995 డాలర్ల కారు: ఎక్సెల్ అసలు ధర కట్టిందెవరు?

1986 ఆరంభంలో అమెరికా మార్కెట్లోకి వచ్చిన హ్యుందాయ్ ఎక్సెల్ ధర 4,995 డాలర్లు. ఆ ఏడాది ముగిసేసరికి 1,68,882 కార్లు అమ్ముడయ్యాయి. అంతకు ముందు ఏ విదేశీ కంపెనీ కూడా అడుగుపెట్టిన ఏడాదే అక్కడ అన్ని కార్లు అమ్మలేదు. 1987లో అమ్మకాలు 2,63,000 దాటాయి. ఎక్సెల్ వచ్చి సరిగ్గా పుష్కర కాలం గడిచి 1998 వచ్చేసరికి మాత్రం అన్ని మోడళ్లూ కలిపినా హ్యుందాయ్ ఆ దేశంలో అమ్మగలిగింది సుమారు 90 వేల కార్లే. కంపెనీ చరిత్ర చెప్పేవారు ఈ పతనాన్ని ఒక తొలి తడబాటుగా పేర్కొని ముందుకు వెళ్లిపోతారు. చవక కారు, నాసిరకం పనితనం, ఆ తర్వాత గుణపాఠం, చివరికి విజయం అన్నది వారి వరుస. ఆ గుణపాఠానికి ఫీజు ఎవరు కట్టారన్న లెక్క మాత్రం అందులో కనిపించదు. అందులో పెద్ద వాటా కట్టింది కంపెనీ కాదు, జీవితంలో మొదటిసారి కొత్త కారు కొనుక్కున్న సామాన్య అమెరికన్లేనని నా అభిప్రాయం.

ఎక్సెల్‌కు దొరికిన అవకాశం హ్యుందాయ్ సృష్టించుకున్నది కాదు. అమెరికన్ కంపెనీల ఒత్తిడితో 1981లో జపాన్ తన కార్ల ఎగుమతికి పరిమితి పెట్టుకుంది. మొదట ఏడాదికి 16.8 లక్షలుగా ఉన్న ఆ కోటా 1985లో 23 లక్షలకు పెరిగింది. కోటా కార్ల సంఖ్య మీదే గాని విలువ మీద కాదు కాబట్టి, పంపగలిగిన ప్రతి కారు మీదా వీలైనంత ఎక్కువ సంపాదించడమే జపాన్ కంపెనీలకు లాభసాటి అయింది. అవి క్రమంగా పెద్ద కార్ల వైపు, ఖరీదైన కార్ల వైపు జరిగాయి. హోండా అక్యురా పేరుతో విలాసవంతమైన కార్లను అమెరికాకు తెచ్చింది కూడా 1986లోనే. దానికి తోడు డాలర్ విలువ తగ్గించేందుకు ఐదు పెద్ద దేశాలు 1985 సెప్టెంబరులో కుదుర్చుకున్న ప్లాజా ఒప్పందంతో జపాన్ కరెన్సీ యెన్ విలువ పెరిగి, జపాన్ చిన్న కార్లు మరింత ప్రియమయ్యాయి. అలా కిందిమెట్టు ఖాళీ అయింది. యుగోస్లావియా నుంచి వచ్చిన యుగో 3,990 డాలర్లకే దొరికినా అది నిలదొక్కుకోలేకపోయింది. ఎక్సెల్ చూడటానికి నిజమైన కారులా ఉండేది. దాని రూపకర్త ఇటలీకి చెందిన జార్జెట్టో జుజారో, ఇంజిన్ సాంకేతికత జపాన్‌కు చెందిన మిత్సుబిషిది. ఇదే కారును మిత్సుబిషి ప్రెసిస్ అన్న పేరుతో తన గుర్తు వేసుకుని అమెరికాలోనే అమ్మింది.

హ్యుందాయ్‌కి అప్పటికి సొంతంగా రూపొందించిన ఇంజిన్ లేదు. 1968లో దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో ఫోర్డ్ కోర్టినా కార్ల బిగింపుతో మొదలైన కంపెనీ, బ్రిటన్ కార్ల కంపెనీ బ్రిటిష్ లేలాండ్ నుంచి వచ్చిన జార్జ్ టర్న్‌బుల్ సాయంతో తయారుచేసిన ‘పోనీ’ అనే కారును 1976లో అమ్మకానికి పెట్టింది. ఆ పోనీ 1984లో కెనడాలో కంపెనీ అంచనాలకు ఎన్నో రెట్లు అమ్ముడైంది గాని, అమెరికా కాలుష్య నిబంధనలను దాటలేకపోయింది. కాబట్టి ముందు చక్రాలకు శక్తినిచ్చే ఎక్సెల్‌ను ఆ మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకునే సిద్ధం చేశారు. దాని కోసం కట్టిన ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 3 లక్షలు. కొరియా జనం అన్ని కార్లు కొనే స్థితి అప్పటికి లేదు. అంటే అమెరికాలో అమ్మడం తప్పనిసరి, అదీ ఆగకుండా అమ్మడం తప్పనిసరి. పదేళ్ల కిందట మొదటి సొంత మోడల్ తెచ్చిన కంపెనీ ఒక ఖండం నిండా విడిభాగాలు, మరమ్మతు కేంద్రాలు, అనుభవం గల మెకానిక్‌లు సమకూర్చుకోక ముందే లక్షల కార్లను రోడ్డెక్కించింది.

ఇక్కడే చవక కారు లెక్క తలకిందులవుతుంది. 4,995 డాలర్లు అన్నది షోరూం ధర మాత్రమే. కొన్నవాడికి పడే అసలు ఖర్చు, ఇచ్చిన ధరలోంచి అమ్మినప్పుడు వచ్చే మొత్తాన్ని తీసేసి, మధ్యలో మరమ్మతులకు పెట్టిన డబ్బు కలిపితే తేలుతుంది. ఎక్సెల్ కొన్నవారిలో చాలామందికి ఆ డబ్బుతో రెండో ప్రత్యామ్నాయం నాలుగేళ్లు వాడిన జపాన్ కారు. అది పాతదే అయినా, మరో నాలుగేళ్ల తర్వాత కూడా కొనేవాళ్లు ఉంటారు. ఎక్సెల్ సంగతి వేరు. మూడో ఏడు వచ్చేసరికి ఫిర్యాదులు పెరిగాయి, పేరు పడిపోయింది, టీవీ హాస్య కార్యక్రమాల్లో హ్యుందాయ్ ఒక జోకుగా మారింది. జోకు కంపెనీకి పరువు నష్టమే. వాయిదాలు కడుతున్న మనిషికి మాత్రం అది నగదు నష్టం. కట్టాల్సిన బాకీ కంటే కారు విలువ తగ్గిపోయినప్పుడు అమ్మి బయటపడటం కుదరదు, బాగు చేయించుకుంటూ వాడటం తప్ప దారి లేదు. ధనికుడు తప్పు కారు కొంటే మార్చుకుంటాడు. పేదవాడు ఆ కారులోనే ఉండిపోతాడు.

నాణ్యత ఒక్కటే పతనానికి కారణమని అనలేం. 1987 వేసవిలో కొరియాలో ప్రజాస్వామ్య ఉద్యమం వెంటనే కార్మికుల సమ్మెలు పెల్లుబికాయి. ఉల్సాన్‌లో హ్యుందాయ్ కార్మికులు ఆ జులైలోనే సంఘం పెట్టుకున్నారు. వేతనాలు పెరిగాయి, కొరియా కరెన్సీ వాన్ విలువా పెరిగింది. కార్మికులకు దక్కాల్సింది దక్కడం న్యాయమే. అయితే ధర తప్ప చెప్పుకోదగ్గ బలం లేని కారుకు ఆ ధరలోని తేడా కూడా కరిగిపోయింది.

1991లో సొంత ఇంజిన్ ఆల్ఫా వచ్చింది, ఎక్సెల్ స్థానంలోకి 1994లో యాక్సెంట్ వచ్చింది. అయినా పడిన ముద్ర చెరగలేదు. 1998 చివర్లో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించాకే అమెరికన్లు మళ్లీ హ్యుందాయ్ షోరూం వైపు చూశారు. మరుసటి ఏడాది పగ్గాలు చేపట్టిన చుంగ్ మోంగ్-కూ గతంలో గ్రూపు సర్వీసింగ్ కంపెనీని చాలాకాలం నడిపిన వ్యక్తి కావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, మరమ్మతుకు తిరిగివచ్చే కార్లను అంత దగ్గరగా చూసినవాడికి అమ్మకాల సంఖ్యలు ఒక్కటే చాలవని తెలిసే ఉంటుంది.

అదే 1998లో చెన్నై దగ్గర తయారైన శాంత్రో మన దగ్గరికి వచ్చింది. కొనకముందే "రీసేల్ ఎంతొస్తుంది?" అని అడిగే మన మధ్యతరగతి ఇళ్లలో అది చోటు సంపాదించుకుంది. ఈసారి కంపెనీ ఇంజిన్ తయారీని ఇక్కడే పెట్టింది, కొరియా సరఫరాదారులను వెంట తెచ్చుకుంది. అదే గ్రూపుకు చెందిన కియా 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు చేసి విదేశాలకూ పంపుతోంది. మనకు వచ్చింది ఆ గుణపాఠం నేర్చుకున్న తర్వాతి హ్యుందాయ్.

ఎంతో పొగిడించుకున్న ఆ అమెరికన్ వారంటీలో ఒక షరతు ఉంది. పదేళ్ల హామీ కారును కొత్తగా కొన్న మొదటి యజమానికే; చేతులు మారితే అది ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లకు కుదించుకుపోయేది. మొదటి యజమాని కారు అమ్మకుండా ఉంచుకోవడానికి అది మంచి కారణం. అయితే 1986లో ఎక్సెల్ కొని నష్టపోయి, మళ్లీ కొత్త కారు కొనే స్తోమత లేక వాడిన యాక్సెంట్ తీసుకున్న కుటుంబానికి ఆ పదేళ్ల హామీ వర్తించలేదు.