బఫర్ పెంచే ముందు ఓవర్‌రన్ అంకె చూడండి

ట్రేస్‌లో, అంటే సిస్టమ్ లోపల జరిగే ఘటనల (ఈవెంట్ల) రికార్డులో, కావలసిన ఈవెంట్ కనబడలేదని ఎవరైనా అనగానే వచ్చే మొదటి సలహా "బఫర్ పెంచండి" అన్నదే. బఫర్ అంటే ఆ రికార్డు నిలిచే మెమరీ. ఆ సలహాతో నాకు గట్టి పేచీ ఉంది. బఫర్ ఎంత ఉండాలన్నది తర్వాతి మాట, నిండినప్పుడు పాతది పోవాలా కొత్తది పోవాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

నేను నల్లగొండలో ఇంటి నుంచే పని చేస్తాను. ఒకసారి 8 కోర్ల సర్వర్‌లో రాత్రిపూట ఒక సర్వీసు నెమ్మదిస్తుంటే, లినక్స్ కెర్నెల్‌లోనే ఉండే ట్రేసింగ్ సాధనం ఎఫ్‌ట్రేస్‌లో షెడ్యూలర్ (ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే భాగం) ఈవెంట్లన్నీ ఆన్ చేసి వదిలేశాము. ఆ బఫర్ ఒక్కో సీపీయూకి విడిగా ఉంటుంది, మనం మార్చకపోతే దాని సైజు సుమారు 1.4 ఎంబీ మాత్రమే, పైగా ఓవర్‌రైట్ (నిండాక పాతదాన్ని చెరిపి కొత్తది రాసే పద్ధతి) మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. తెల్లారి చూస్తే సర్వీసు నెమ్మదించిన క్షణం ఎప్పుడో చెరిగిపోయింది, ఆ తర్వాతి ప్రశాంతమైన సమయం మాత్రం మిగిలింది. ఆ ఫైలునే సాక్ష్యంగా పట్టుకొని రెండు రోజులు డేటాబేస్ వాళ్లను నిందించాము. ప్రతి సీపీయూకి ఉండే స్టాట్స్ ఫైలులో ఓవర్‌రన్ అంకె, అంటే అలా చెరిగిపోయిన ఈవెంట్ల లెక్క, లక్షల్లో ఉన్నా ఎవరమూ తెరచి చూడలేదు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మన చెరువు నిండాక పైనుంచి వచ్చే నీరు అలుగు పారిపోతుంది. డిస్కార్డ్ పద్ధతి అటువంటిదే: ఉన్నది నిలుస్తుంది, కొత్తది పోతుంది. సర్వీసు మొదలయ్యేటప్పటి తప్పును పట్టాలంటే అది సరిపోతుంది, ఎప్పుడు వస్తుందో తెలియని తప్పుకు ఓవర్‌రైటే కావాలి. లినక్స్‌కే ఉన్న మరో ట్రేసింగ్ సాధనం ఎల్‌టీటీఎన్‌జీలో ఓవర్‌రైట్ పెడితే ఒక్కో ఈవెంట్ కాక సబ్‌బఫర్ (బఫర్‌లోని ఒక ముక్క) మొత్తం ఒకేసారి పోతుంది కాబట్టి, అక్కడ చిన్న సబ్‌బఫర్లు ఎక్కువగా పెట్టుకోవడం మేలు.

ఓవర్‌రైట్ ఎంచుకున్నాక ట్రేసింగ్‌ను సమయానికి ఆపడం తప్పనిసరి. ఇప్పుడు ఆలస్యాన్ని గుర్తించగానే మా సర్వీసే ఎఫ్‌ట్రేస్‌కు స్విచ్ లాంటి ట్రేసింగ్_ఆన్ ఫైలులో సున్నా రాసి రికార్డింగ్ ఆపుతుంది. అవసరం లేని ఈవెంట్లు తీసేశాకే సీపీయూకి 16384 కేబీ ఇచ్చాము. 8 కోర్లకు అది 128 ఎంబీ. ఆ మెమరీ సర్వీసు వాడుకోవలసినదే కనుక సర్వర్ చూసుకునేవారిని ముందే అడిగాము. స్టాట్స్ ఫైలు జతచేయని ట్రేస్ నా దగ్గరకు వస్తే, అందులోని ఒక్క వరుస కూడా చదవకుండా ముందు ఆ అంకెలు పంపమని అడుగుతున్నాను.