సప్పోరో కూరగాయను గెలిపించింది, మనం పనీర్‌కు అప్పగించాం

టోక్యోలో మా ఇంటికి దగ్గర్లో కొత్తగా ఒక చిన్న సూప్ కర్రీ హోటల్ తెరిచారు. సూప్ కర్రీ అంటే ఉత్తర జపాన్ నగరం సప్పోరోలో పుట్టిన, సూప్‌లా పల్చటి కర్రీ. ఈమధ్య వెళ్లి తిన్నాను. బయటికొచ్చాక నాకు అనిపించింది సూటిగా చెప్పేస్తాను. కూరగాయను ఎలా గౌరవించాలో మన హోటళ్లు సప్పోరోను చూసి నేర్చుకోవాలి.

జపాన్ కర్రీ సంగతి చాలామందికి తెలిసిందే. మెయిజీ కాలంలో (1868-1912) బ్రిటిష్ వాళ్ల ద్వారా వచ్చి, గోధుమపిండితో చిక్కబడి, ఇంటింటి వంటైంది. సూప్ కర్రీ దారి వేరు. 1970లలో హొక్కైడో దీవిలోని సప్పోరోలో అజంతా అనే కాఫీ షాపు ఔషధ దినుసులతో పల్చటి కర్రీ వడ్డించడం మొదలుపెట్టింది. 1993లో అక్కడే మొదలైన మ్యాజిక్ స్పైస్ అనే హోటల్, ఇండోనేషియా కోడి సూప్ సోతో ఆయమ్ స్ఫూర్తితో తన వంట చేసి, దానికి సూప్ కర్రీ అని పేరు పెట్టింది. ఆ హోటల్లో కారం మోతాదులకు ధ్యానం, నిర్వాణం లాంటి పేర్లుంటాయి. 2003లో యోకొహామా కర్రీ మ్యూజియంలో శాఖ పెట్టాక దేశమంతా ఈ రుచి పాకింది.

ఇక గిన్నెలోకి వద్దాం. ముదురు గోధుమ రంగు సూప్, పైన ఎర్రటి నూనె చుక్కలు, చల్లిన ఎండు తులసి జాతి ఆకు. మధ్యలో చెంచా తగిలితే విడిపోయే కోడి కాలు. కానీ నా కళ్లు దాని మీద నిలవలేదు. తొక్కతో సహా కోసిన గుమ్మడి ముక్క, నిలువునా చీల్చిన క్యారెట్, నిగనిగలాడే వంకాయ, తామర తూడు చక్రం, బెండకాయ, సగం బంగాళాదుంప. ఏ ముక్క ఏదో కళ్లు మూసుకుని తిన్నా చెప్పొచ్చు. అన్నం వేరే పళ్లెంలో, నిమ్మ బద్దతో వస్తుంది. చెంచాడు అన్నం తీసుకుని సూప్‌లో ముంచి తినాలి.

కిటుకంతా వండే తీరులో ఉంది. కూరగాయల్ని సూప్‌లో వేసి ఉడికించేయరు. పిండి పూత లేకుండా విడిగా నూనెలో వేయించి, వడ్డించే ముందు గిన్నెలో పెడతారు. అందుకే వంకాయ ఊదా రంగు పోదు, గుమ్మడి తీపి సూప్‌లోకి కారిపోదు. జపాన్‌లో పండే బంగాళాదుంపల్లో అత్యధిక భాగం హొక్కైడోదే, ఉల్లి, గుమ్మడి పంటల్లోనూ ఆ నేలదే మొదటి స్థానం. తమ చేలో పండినదాన్ని గిన్నెలో పైకి కనబడేలా నిలబెట్టారు. మసాలా బయటినుంచి వచ్చిందే అయినా, ఆ వంట సప్పోరోది కావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

మనవాళ్లలో కొందరికి ఇది నచ్చదు. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషికసాయి చుట్టుపక్కల తెలుగు మిత్రులు 'ఇదేం కూర, నీళ్లు నీళ్లుగా ఉంది, మసాలా పట్టలేదు' అంటారు. శాకాహారులకు ఇంకో ఇబ్బంది ఉంది. కూరగాయల గిన్నె అడిగినా సూప్ మాత్రం తరచూ కోడి ఎముకలదే అవుతుంది, అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ రెండో మాట న్యాయమైనదే. మొదటిది ఒప్పుకోను. మసాలా ముక్కలోకి పూర్తిగా దిగితేనే వంట అనుకోవడం వల్లే మన హోటళ్లు ఈ స్థితికి వచ్చాయి.

హైదరాబాద్‌లో ఏ పెద్ద రెస్టారెంట్‌కైనా వెళ్లి మెనూలో వెజ్ పేజీ చూడండి. పనీర్ బటర్ మసాలా, కడాయి పనీర్, పనీర్ టిక్కా, తర్వాత మష్రూమ్, బేబీ కార్న్. బీరకాయ ఎక్కడ? పొట్లకాయ, దొండకాయ, కంద ఏమయ్యాయి? మహా అయితే గుత్తి వంకాయ ఒక్కటి మిగులుతుంది. మిగతావన్నీ మెస్సులకూ కర్రీ పాయింట్లకూ వెళ్లిపోయాయి. పొద్దున్నే ఉల్లి, టమాటా, జీడిపప్పు గ్రేవీ ఒకటి చేసిపెట్టుకుని, ఎవరేం ఆర్డరిచ్చినా అందులోనే కలిపి ఇస్తున్నారు. సప్పోరోలోనూ సూప్ ఒక్కటే కదా అనొచ్చు. ఒక్కటే, కాని అక్కడ ముక్క అందులో మునిగిపోయి పేరు పోగొట్టుకోదు. మన హోటళ్లలో పనీర్ బదులు ఏం వేసినా రుచి మారదు.

బాధ ఏమిటంటే, ఈ విద్య మనకు కొత్త కాదు. గుమ్మడి, సొరకాయ, ములక్కాడ, చిలగడదుంప, బెండకాయ పెద్ద పెద్ద ముక్కలుగా వేసి చింతపండు పులుసులో కాచే దప్పళం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ముద్దపప్పు, దప్పళం కలిపి పెట్టిన అన్నం తిన్నవాళ్లకు సూప్ కర్రీ వింతగా తోచదు. అయినా దప్పళం పెళ్లి విస్తరికీ ఇంటి భోజనానికీ పరిమితమైపోయింది. హోటల్లో దానికి ధర లేదు, మెనూలో చోటు లేదు.

'కూరగాయలకు ఎవరు డబ్బు పెడతారు' అని యజమానులు అడుగుతారు. నేను తిన్న హోటల్లో కోడి కాలు గిన్నెకూ, వట్టి కూరగాయల గిన్నెకూ ధరలో పెద్ద తేడా లేదు. నా పక్కన కూర్చున్న ఇద్దరూ కూరగాయలదే తెప్పించుకున్నారు. టోక్యోలో ఆంధ్రా పేరు పెట్టుకున్న హోటళ్లున్నాయి, దక్షిణాది భోజనం కోసం వెతుక్కుంటూ వచ్చే జపాన్ వాళ్లూ ఉన్నారు. దప్పళాన్ని పక్క గిన్నెలో కాకుండా, పూర్తి ధర వేసి ముఖ్య వంటగా పెట్టే పని హైదరాబాద్, విజయవాడల్లో ఎవరూ చేయకపోతే, కనీసం ఇక్కడి తెలుగు వంటవాళ్లయినా మొదలుపెట్టాలి.