కోనసీమ క్లబ్బులో కొత్త కమిటీ: ముందు గ్రౌండ్, తర్వాతే కప్పు

సంక్రాంతికి కప్పు తేకపోతే ఇక క్లబ్బు దేనికి? కోనసీమలో ఒక ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త కమిటీకి ఈమధ్య తరచూ వినబడుతున్న మాట ఇది. మొన్నటిదాకా ఆ క్లబ్బు పండగ టోర్నమెంట్లు బాగానే గెలిచేది. అధ్యక్షుడిగా ఉన్న దాత డబ్బు పెట్టేవారు, దాంతో బయటి ప్లేయర్లను దింపేవారు. వాళ్లు ఆడి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయేవారు. ఊరి కుర్రాళ్లు లైను బయట నీళ్ల బాటిళ్లు పట్టుకుని నిలబడేవారు. దాత తప్పుకున్నాక చూస్తే మిగిలింది బీరువా నిండా షీల్డులు, చిరిగిన నెట్టు.

ఇప్పుడు పగ్గాలు హైస్కూల్ పీఈటీ మాస్టారి చేతికి వచ్చాయి. తోడుగా నలుగురు పాత ప్లేయర్లున్నారు. బయటివాళ్లను తెచ్చేది లేదని తేల్చి చెప్పి, చందా డబ్బంతా గ్రౌండ్ మీద పెట్టారు. ఊళ్లో చాలామందికి ఇది మింగుడు పడలేదు. నన్నడిగితే ఆ క్లబ్బు ఇన్నేళ్లలో చేసిన పనుల్లో ఇదే సరైన పని.

డెల్టాలో గ్రౌండ్ కష్టం ఇక్కడ ఆడినవాళ్లకే తెలుసు. పూర్తి సైజు మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరం 76 సెంట్లు. కొబ్బరి తోటో, వరి చేనో, చేపల చెరువో వేయకుండా అంత జాగా ఎవరు వదులుకుంటారు? సార్వా కోతలై దాళ్వా నాట్లు పడేలోపు చేలల్లో ఆడుకోవచ్చు గానీ అది కొన్నాళ్ల ముచ్చటే. మిగిలేది హైస్కూల్ గ్రౌండ్. అదేమో పల్లం, పైగా నల్లమట్టి. వాన పడితే బంతి కదలదు, ఎండితే నెర్రెల్లో కాలు పడి చీలమండ బెణుకుతుంది. వానాకాలం పొడవునా ప్రాక్టీస్ ఆగిపోతే పిల్లవాడు ఆటకే దూరమైపోతాడు.

కమిటీ రెండు గోల్‌పోస్టుల ముందూ మెరక చేయించింది, పైన ఇసుక కలిపిన మట్టి పరిపించింది. చుట్టూ బోదె తవ్వించి ఆ నీటిని మురుగు కాలువలోకి మళ్లించింది. ఇప్పుడు వాన వెలిసిన మర్నాటి సాయంత్రానికి పిల్లలు ఆడుతున్నారు. ఫొటోకి పనికొచ్చే పని కాదు కాబట్టి దీనికి ఫ్లెక్సీ కట్టరు.

రెండో నిర్ణయం పన్నెండేళ్లలోపు పిల్లలతో మొదలుపెట్టడం. ఇదీ లెక్క తెలిసి చేసిందే. పదో తరగతి కాగానే కుర్రాడు విజయవాడలో ఏదో కాలేజీ హాస్టల్లో తేలతాడు. ఆ తర్వాత ఇంజినీరింగో, గల్ఫో. క్లబ్బుకు దక్కేది పదిహేనేళ్ల లోపు వయసే. ఆ వయసులో ఆట నేర్పకుండా సీనియర్ టీమ్ కావాలంటే ప్లేయర్లను కొనుక్కోవాల్సిందే.

బడి పంతులు ఫుట్‌బాల్‌ను నడపగలడా అని సందేహపడేవాళ్లు హైదరాబాద్ చరిత్ర చూడాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో కుర్రాళ్లకు పోటీలు పెట్టారాయన. ఆయన కోచింగ్‌లోనే దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

లెక్కల విషయంలో మాత్రం కమిటీ ఇంకా గట్టిగా ఉండాలి. ఏటా జనరల్ బాడీ పెట్టి జమాఖర్చులు చదివి వినిపించాలి. ఎన్నికలు వాయిదా పడుతూ పోతే ఏమవుతుందో జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లోనే చూశాం. పాత కార్యవర్గం గడువు తీరినా ఎన్నికలు జరగలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది, చివరికి 2022 ఆగస్టులో బయటి జోక్యం పేరుతో ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. ఆ నెలాఖర్లోనే ఎత్తేసింది గానీ, మన దగ్గర జరగాల్సిన అమ్మాయిల అండర్-17 ప్రపంచకప్ చేజారిపోతుందేమోనని అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఊరి క్లబ్బుకు అలాంటి గొడవ వస్తే సర్దడానికి ఎవరూ రారు.

నాకున్న భయమల్లా మాస్టారి బదిలీ. ప్రభుత్వ ఉద్యోగం, ఎప్పుడైనా ఆర్డరు రావచ్చు. అందుకే పాత ప్లేయర్లలో ఇద్దరినైనా ఇప్పుడే ఫెడరేషన్ వారి డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపాలి. ఫీజూ, దారి ఖర్చులూ ఈ సంక్రాంతి చందాల్లోంచే తీయాలి. బయటి ప్లేయర్ల కోసం ఏటా జేబులో చెయ్యి పెట్టినవాళ్లు ఈసారి దీనికి పెట్టాలి.