ఉలవల మీద ఏబీఎస్

ఎంత గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల వల్ల శ్రీకాకుళం జిల్లాకు జరిగిన నష్టాల్లో మొదటిది, రోడ్డు మీద టైరు గీతలు పోవడం. ఇదివరకు ఏ బండి ఏ బండిని గుద్దినా టీకొట్టు దగ్గరి పెద్దమనుషులు గీత చూసి తీర్పు చెప్పేసేవారు. గీత పొడుగ్గా ఉంటే స్పీడుగా వచ్చాడు, వీడిదే తప్పు. అసలు లేకపోతే బ్రేకే వెయ్యలేదు, ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు చక్రం పట్టేయదు కనుక గీత సరిగ్గా పడదు. ఆధారం లేక పాపం వాళ్ల పంచాయితీలు వాయిదా పడుతున్నాయి.

చక్రం ఎందుకు పట్టేయదంటే, అది ఎంత వేగంగా తిరుగుతోందో ఒక సెన్సార్ కనిపెట్టుకుని ఉంటుంది. ఆగిపోయి ఈడ్చుకుపోయేలా ఉంటే కంప్యూటర్ బ్రేకు కాస్త వదిలి మళ్లీ పట్టిస్తుంది, సెకనులో ఎన్నోసార్లు. దాంతో బ్రేకు తొక్కి ఉన్నా స్టీరింగ్ మన మాట వింటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకీ, 125 సీసీ దాటిన కొత్త బైకులకీ ఇది తప్పనిసరి. గేదె అడ్డొస్తే పక్కకి తిప్పుకోవచ్చు. గేదె ఎటు తిరుగుతుందన్నది గేదె ఇష్టం.

నా కారుకి ఈ సౌకర్యం ఉందని ఆమదాలవలస వెళ్లే దారిలో, తొలి వానకి తెలిసింది. ముందు పోతున్న ఆటో, చెయ్యెత్తిన ముసలమ్మ కోసం నడిరోడ్డు మీద ఆగిపోయింది. గట్టిగా తొక్కాను. కాలి కింద పెడల్ గడగడా వణికింది, ముందునుంచి గర్రుమని చప్పుడు. ఏదో విరిగిందనుకుని కాలు తీసేశాను. సరిగ్గా చెయ్యకూడని పని అదేనట, ఎంత వణికినా తొక్కి పట్టుకోవాలి. మళ్లీ తొక్కేసరికి ఆటోకీ నాకూ మధ్య జానెడు మిగిలింది. ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, బ్రేకుల్లేవా?" అన్నాడు. కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయని ఎలా చెప్పను?

గుల్ల కంకర మీద ఏబీఎస్ బండి ఆగడానికి ఇంకొంచెం దూరం పట్టొచ్చు. చక్రం పట్టేస్తే టైరు ముందు కంకర పోగై బండికి అడ్డం పడుతుంది, తిరుగుతూ ఉంటే ఆ పోగు పడదు. కంకర సంగతి సరే, మరి మా ఉలవల సంగతి? వచ్చేపోయే బండ్లే నూర్చిపెడతాయని మొక్కలకి మొక్కలే తెచ్చి తారు మీద పరుస్తారు. పైన పొట్టు పరుపులా, కింద గింజలు గోళీల్లా. ఓసారి భయపడి అంచునుంచి మెల్లగా పోనిచ్చాను. ఆసామికి కోపమొచ్చింది. "మజ్జిలోంచి పోనీ బాబూ, నలగాల కదేటి?" అన్నాడు.

బైకుల్లో చాలావాటికి ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని నమ్మే మనవాళ్లు వెనక బ్రేకు తప్ప ముట్టుకోరు. పాపం ఏబీఎస్ అటక మీద ఇత్తడి గుండిగలా అరక్కుండా ఉంటుంది.

ఇక మా బావమరిది. ఏబీఎస్ ఉందని తెలిసినప్పటి నుంచి ముందు బండి నంబరు చదవడం మానేశాడు, దాని మీది దుమ్ము లెక్కపెట్టేంత దగ్గరగా నడుపుతాడు. జర్మనీలో మ్యూనిచ్ ట్యాక్సీలకి ఇవే బ్రేకులు పెట్టి గమనిస్తే, అక్కడి డ్రైవర్లూ దూకుడు పెంచారట. మనవాడిది అంతర్జాతీయ స్థాయి అన్నమాట.

మొన్న డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. సెన్సార్ మీద బురదో, వైరు తెగిందో. మామూలు బ్రేకులు పడతాయి గానీ ఏబీఎస్ ఉండదు. మెకానిక్ వంగి చూసి, "భయం లేదు గురువుగారూ" అని లైటు మీద నల్ల టేపు అంటించాడు. మర్నాడు నరసన్నపేట వెళ్తూ బావమరిది స్టీరింగ్ పట్టుకున్నాడు.

"లైటు పోయిందే, బాగయిపోయిందా బావా?" అని, నేను నోరు తెరిచేలోగా ముందున్న బస్సుకి ఇంకో గజం దగ్గరగా జరిగాడు.