శూలకి చెయ్యి చాలా, స్కాన్ కూడా కావాలా?

హెసరఘట్ట దారిలో గుర్రపు స్వారీ నేర్పే చోట ఒక లాయం. రాత్రంతా శూలతో, అంటే కడుపునొప్పితో, పొర్లిన ఆడగుర్రం తెల్లారాక లద్ది వేసింది. చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులోనే తల నెరిసిన పశువైద్యుడు మామ. మేనకోడలిదీ అదే చదువు. అరుగు మీద కాఫీలు.

మామ: బతికింది గదా, నీ స్కాన్ డబ్బా లేకుండానే.

మేనకోడలు: లేకుండానా? రాత్రి పెట్టి చూశాను గదా మామా.

మామ: చూసి ఏమన్నావు? చిన్నపేగు కదలడం లేదు, మెలిపడిందేమో, ఆపరేషన్‌కి పంపుదాం అన్నావు. అంతకు ముందే నేను నొప్పి తగ్గడానికి జైలజిన్ ఇంజెక్షన్ వేసున్నా. ఆ మందు పేగు కదలిక తగ్గిస్తుందని మీకు చెప్పలేదా? నువ్వు చూసింది జబ్బుని కాదమ్మాయ్, నా ఇంజెక్షన్‌ని.

మేనకోడలు: అది నా తప్పే. ఏం మందు వేశావో ముందే అడగాల్సింది. కానీ తర్వాత పేగు వెడల్పు కొలిచి, ఆగుదామన్నదీ నేనే గదా. ఉబ్బి అయిదు సెంటీమీటర్లు దాటలేదు, గోడ మూడు మిల్లీమీటర్లకు మించలేదు. ఇంజెక్షన్ కదలికని ఆపొచ్చుగానీ గోడని వాచేట్టు చెయ్యదు. పెద్దపేగు గోడ తొమ్మిది మిల్లీమీటర్లకు వచ్చిందంటే మెలి పడిందనే అనుమానించాలి. వాపు ఇన్ని మిల్లీమీటర్లని నీ చెయ్యి చెప్పగలదా? అసలు వెనక నుంచి చెయ్యి పెడితే కడుపులో సగం కూడా అందదు. పొట్టి పోనీలకీ గుర్రప్పిల్లలకీ చెయ్యే పట్టదు. బెల్జియంలో లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఫ్లాష్ అని ఒక పద్ధతి ప్రచురించారు. కడుపు మీద ఏడు చోట్ల ప్రోబ్, అదే స్కాన్ చేసే పిడి, పెట్టడమే, పది పదిహేను నిమిషాల పని. బొచ్చు గొరగక్కర్లేదు, స్పిరిట్ పోసి తడిపితే చాలు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కి దిగడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది మనకి!

మామ: గాలి?

మేనకోడలు: గాలి అడ్డమే, కాదనను.

మామ: అడ్డమేనా? శూల గుర్రం కడుపంటేనే గాలి. గాలి వెనక ఏముందో నీ డబ్బాకి కనపడదు. పేగులో రాయి ఉన్నా చాలాసార్లు చిక్కదు. ఎడమ కిడ్నీ కనపడలేదు కాబట్టి పెద్దపేగు ప్లీహం మీదుగా పోయి ఇరుక్కుంది అంటారు మీరు. మామూలు గాలి అడ్డొచ్చినా కిడ్నీ కనపడదే! కనపడని దాన్ని చూపించి జబ్బు పేరు పెట్టేస్తారా?

మేనకోడలు: అందుకే నీ చెయ్యి కూడా కావాలంటున్నా. చెయ్యి వద్దని ఎవరన్నారు?

మామ: నిన్న గుర్రాల్ని చూసుకునే సైస్‌తో నువ్వే అన్నావు, 'మామ పాతకాలం మనిషి' అని.

మేనకోడలు: అది ఉలవల గురించి! దానికి పూటకి ఎన్ని గుగ్గిళ్లు పెట్టిస్తున్నావో తెలుసా? శూల తెచ్చేదే ఆ దాణా.

మామ: ఉలవలు తిననిదే గుర్రమేంటే? మా నాయన కాలం నుంచీ...

మేనకోడలు: మీ నాయన గుర్రం పగలంతా బండి లాగేది. ఇది రోజుకో గంట పిల్లల్ని మోసి, మిగతా పొద్దంతా లాయంలో నిలబడుతుంది. గడ్డి పెంచు, ఉలవలు తగ్గించు.

మామ: తగ్గిస్తాలే. మాట మార్చకు. గుర్రానికి వాంతి రాదు. కడుపు నిండిపోతే పగలడమే. ఫోన్ రాగానే ముందు ముక్కులో ట్యూబ్, గుండె లెక్క. నీ స్కాన్ వాటి తర్వాతే.

మేనకోడలు: ట్యూబ్ ముందు, ఒప్పుకుంటా. ఇంజెక్షన్ మాత్రం స్కాన్ అయ్యాక.

మామ: నొప్పితో పొర్లే గుర్రానికా?

మేనకోడలు: నిలబడగలిగితేనే. పొర్లుతుంటే ముందే వెయ్యి. ఏం వేశావో, ఎప్పుడు వేశావో గోడ మీద సుద్దతో రాయి, నేను చూసుకుంటా.

మామ: రాస్తా. నిలబడి తన్నే గుర్రం పక్కన ప్రోబ్ పట్టుకునేది మాత్రం నువ్వే.