నాగయ్యకు స్వరనివాళి అంటే హార్మోనియం మోగాలి

సినీ నటుడు, సంగీత దర్శకుడు నాగయ్య పుట్టింది రేపల్లెలో, 1904లో. పేరుకు ముందు చేరింది మాత్రం చిత్తూరు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పాడి, సారంగధరలో చిత్రాంగి వేషం కట్టి మెప్పించిన కుర్రవాడిని ఈ ఊరు తన సొంతం చేసుకుంది. చిత్తూరులోని కళాక్షేత్రానికీ ఆయన పేరే ఉంది. అయినా ఆయనను తలచుకునేటప్పుడు మనం నటుడి దగ్గరే ఆగిపోతాం. ‘వందేమాతరం’ (1939), ‘భక్త పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946) చిత్రాలకు బాణీలు కట్టిన సంగీత దర్శకుడు మరుగున పడిపోతాడు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది.

ఆ సంగీతానికి పునాది రంగస్థలం. మైకులు లేని రోజుల్లో పద్యం చివరి వరుసలో చాప మీద కూర్చున్న మనిషి చెవిన పడాలి. అందుకే నటుడు హెచ్చు శ్రుతిలో పాడేవాడు. హార్మోనిస్టు ముందు రాగచ్ఛాయ అందించి, పద్యం ఎత్తుకోగానే గొంతు వెన్నంటి నడిచి, నటుడు ఊపిరి తీసుకునే చోట తాను పలికేవాడు. పాదం పూర్తయిందని ఛందస్సు ఆగమంటుంది, మాట పూర్తికాలేదని భావం ముందుకు లాగుతుంది. ఎక్కడ విరవాలో తెలిసినవాడే పద్యం పాడగలడు.

ఈ విద్యంతా నాగయ్యకు వంటబట్టింది. సినిమాకు వచ్చాక ఆయన కేక మానేశారు, విరుపును మాత్రం ఉంచుకున్నారు. పోతన పద్యాలు ఆయన గొంతులో వినండి: రాగం సాగుతున్నా మాట చెదరదు. ‘త్యాగయ్య’లో దర్శకత్వం, నటన, సంగీతం మూడూ తానే మోశారు. కీర్తనను ప్రదర్శించినట్టు ఉండదు, వేడుకున్నట్టు ఉంటుంది. ఆయన సంగీతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ నిగ్రహమే.

అలాంటి వ్యక్తికి స్వరనివాళి పేరుతో రికార్డు చేసిన ట్రాకు పెట్టి నాలుగు పాటలు పాడితే సరిపోదు. ట్రాకు గాయకుడి కోసం ఆగదు. ఆగి వినే తోడు లేనిదే ఈ బాణీలు పలకవు. కచేరీ మొదటి భాగం నాటక పద్యాలకు ఇవ్వాలి, తర్వాతే సినిమా పాటలకు రావాలి. అప్పుడు ఆయన ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారో శ్రోతకు చెవితోనే తెలుస్తుంది.

మనుషులు లేరా అంటే ఉన్నారు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. పల్లెల్లో పౌరాణిక నాటకాలకు వాయించే హార్మోనిస్టులు ఇంకా ఉన్నారు. కళాశాల విద్యార్థులనూ వారినీ కొన్ని వారాల ముందే ఒకచోట కూర్చోబెట్టి సాధన చేయించాలి. శాలువాలకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చు తగ్గించి, ముందుగా ఆ హార్మోనిస్టుకు గౌరవమైన పారితోషికం ఇవ్వాలి.