కుందేలుకు ఎన్ని కాళ్లో తేలేదాకా

రక్త పరీక్ష కాగితం చూసి డాక్టరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, బాగా ఎక్కువగా ఉంది. మాత్ర రాస్తున్నాను, రోజూ వేసుకోండి. సిగరెట్ మానేయండి. నడవండి" అన్నారు. ఒక్క గుక్కలో మూడు ఆజ్ఞలు. నేను అంత తేలిగ్గా లొంగే మనిషిని కాను. "ధమనుల్లో పూడిక అసలు ఎందుకు వస్తుందో ముందు మీ శాస్త్రవేత్తలందరినీ ఒక్క మాట మీదకు రమ్మనండి. వాళ్లు తేల్చిన మర్నాడే మాత్ర మొదలుపెడతాను" అని చెప్పి, రెండో అంతస్తు నుంచి హుందాగా మెట్లు దిగి వచ్చేశాను. దిగడం ఎప్పుడూ సులువే.

అది నోటి దురుసుతో అన్న మాట కాదు. దాని వెనక వందేళ్లకు పైబడిన పరిశోధనా చరిత్ర ఉంది. ఆ చరిత్రను నా తరఫు సాక్ష్యంగా ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

పేరు దగ్గరే మొదలుపెడదాం. ఈ జబ్బు పేరు అథెరోస్క్లెరోసిస్. 1904లో ఫెలిక్స్ మార్చండ్ అనే జర్మన్ వైద్యుడు పెట్టాడు. గ్రీకు భాషలో అథెరే అంటే జావ, స్క్లెరోసిస్ అంటే గట్టిపడడం. జావగానూ ఉంటుందట, గట్టిగానూ ఉంటుందట. నామకరణం నాడే రెండు నాలుకలతో మాట్లాడిన శాస్త్రాన్ని ఎలా నమ్మమంటారు? పూడికను కోసి చూస్తే లోపల నిజంగానే జావ లాంటి ముద్ద, దాని మీద గట్టి పొర కనిపిస్తాయని డాక్టరుగారు అంటారు. కనిపించవచ్చు. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

అంతకు ముందు, పందొమ్మిదో శతాబ్దంలో, ఇద్దరు మహానుభావులు ఒకే గొట్టాన్ని చూసి రెండు మాటలు చెప్పారు. రక్తంలోంచి వచ్చిన పదార్థం గోడకు అంటుకుని పొరలు పొరలుగా పేరుకోవడమే మూలమని వియన్నాలో కార్ల్ రొకిటాన్‌స్కీ అన్నాడు. కాదు, గోడ లోపల రగిలే వాపు ప్రక్రియే మూలమని బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అన్నాడు. ఇద్దరూ శవపరీక్షల్లో ఆరితేరినవాళ్లే. వాళ్లకే కుదరని ఏకాభిప్రాయం నాకూ డాక్టరుగారికీ మధ్య ఎలా కుదురుతుంది?

ఇక కుందేలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సామెత పుట్టించినవాడు తప్పకుండా ఏదో ఒక పరిశోధనశాలలో పనిచేసి ఉంటాడు. ఎందుకంటే ఈ శాస్త్రం అక్షరాలా కుందేలు మీదే నిలబడింది. 1908లో రష్యాలో ఇగ్నతోవ్‌స్కీ అనే వైద్యుడు కుందేళ్లకు మాంసం, పాలు, గుడ్లు పెట్టాడు. ఆకులు మేసే జీవికి ఇది విందో శిక్షో తెలియదు గానీ, దాని ధమనుల్లో పూడికలు వచ్చాయి. తప్పంతా మాంసకృత్తులదేనని ఆయన తీర్మానించాడు. అదీ మొదటి మూడు కాళ్ల కుందేలు. 1910లో విండాస్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పూడికపట్టిన బృహద్ధమనిని పరీక్షిస్తే అందులో మామూలు కంటే 20 రెట్లకు పైగా కొలెస్ట్రాల్ తేలింది. 1913లో అనిచ్‌కొవ్, ఖలతొవ్ అనే ఇద్దరు మాంసం, పాలు, గుడ్లు అన్నీ పక్కన పెట్టి, శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పట్టించారు. పూడికలు మళ్లీ ప్రత్యక్షం.

కథ అక్కడితో ముగిసి ఉంటే నేనీ రోజు మాత్ర వేసుకునేవాణ్ని. అదృష్టవశాత్తూ మిగతా ప్రయోగశాలల్లో కుందేళ్లు లేవు, ఎలుకలూ కుక్కలూ ఉన్నాయి. వాటికి ఎంత కొలెస్ట్రాల్ తినిపించినా ధమనులు చెక్కు చెదరలేదు. దాంతో, కుందేలు శాకాహారి, దాని గోడు మనుషులకు వర్తించదని పెద్దలు తీర్పు చెప్పి అనిచ్‌కొవ్ మాటను దశాబ్దాల పాటు అటక మీద పెట్టారు. ఎలుకలూ కుక్కలూ అదనపు కొలెస్ట్రాల్‌ను పైత్యరసపు ఆమ్లాలుగా మార్చి బయటికి పంపేస్తాయి కాబట్టి వాటి రక్తంలో అది పెరగనే పెరగదన్న సంగతి తరవాత బయటపడింది. 1946లో కుక్కల థైరాయిడ్‌ను మందుతో అణచి మరీ కొలెస్ట్రాల్ పెడితే వాటికీ పూడికలు వచ్చాయి. ఈ చరిత్ర చదివాక నేను డాక్టరుగారికి ఫోను చేసి, "ఇంతకీ నేను కుందేలునా, ఎలుకనా?" అని అడిగాను. ఆయన ఫోను పెట్టేశారు. సూటి ప్రశ్నకు సమాధానం దొరకకపోతే ఎవరైనా అదే చేస్తారు.

ఎలుక నా పక్షాన మరోసారి కూడా సాక్ష్యం చెప్పింది. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1971 నుంచి రెండేళ్లపాటు 6,000కు పైగా సూక్ష్మజీవులను జల్లెడ పట్టి, ఒక బూజులోంచి కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని తీశాడు. స్టాటిన్ మాత్రల వంశంలో మూలపురుషుడు అదే. ఎలుకలకు ఇస్తే ఏ మార్పూ లేదు. మందు చెత్తబుట్టలోకి పోబోతుండగా, కోళ్ల మీద పనిచేసే సహోద్యోగి ఒకరు కలిశారు. గుడ్డు పెట్టే కోడి ఒంట్లో కొలెస్ట్రాల్‌కు కొదవేముంటుంది? కోడికి ఇస్తే కొలెస్ట్రాల్ దిగింది. కోట్లాది మంది మింగుతున్న మాత్ర తలరాతను ఒక కోడి మార్చిందన్నమాట. ఆ కోడి పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది 1980 నాటి ప్రయోగం. అమెరికాలోని ఒహాయోలో కుందేళ్లన్నిటికీ ఒకటే కొలెస్ట్రాల్ మేత పెట్టారు. ఒక గుంపును మాత్రం రోజూ ఒళ్లోకి తీసుకుని నిమిరారు, మాట్లాడారు, ఆడించారు. రక్తంలో కొలెస్ట్రాల్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. కానీ నిమిరిన కుందేళ్ల బృహద్ధమనిలో పూడిక 60 శాతానికి పైగా తక్కువ! ఈ సంగతి ఇంట్లో గట్టిగా చదివి వినిపించి, తదుపరి చర్యల కోసం మా ఆవిడ వైపు చూశాను. "ముందు చెవులు పెరగనివ్వండి" అని లోపలికి వెళ్లిపోయింది. నా చికిత్సకు నిరాకరణ ఎక్కడ ఎదురైందో పాఠకులు గమనించాలి.

మిగతా కుందేళ్లను త్వరగా లెక్కపెడతాను. 1969లో కిల్మర్ మెక్‌కల్లీ అనే వైద్యుడు, దోషి రక్తంలోని హోమోసిస్టైన్ అనే అమైనో ఆమ్లం అన్నాడు. తరవాత విటమిన్లిచ్చి దాన్ని దించారు, గుండెపోట్లు మాత్రం దిగలేదు. 1973లో ఎర్ల్ బెండిట్, జాన్ బెండిట్ అనే ఇద్దరు ప్రతి పూడికా ఒకే కణం నుంచి పుట్టిన చిన్న కణితి కావచ్చన్నారు. ఇంకొందరు క్లమీడియా నిమోనియే అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. వేలమందికి నెలల తరబడి యాంటీబయాటిక్ మింగించి 2005లో ఫలితం చూస్తే ఏ లాభమూ లేదు. 1981 నాటికి గుండెజబ్బుకు కారణం కావచ్చని ఎవరో ఒకరు వేలు చూపించినవన్నీ జాబితా వేస్తే 246 తేలాయి. ముద్దాయిలు 246 మంది ఉన్న కేసులో ఒక్క కొలెస్ట్రాల్‌నే అరెస్టు చేయడం నాకు అన్యాయంగా తోచింది.

కొన్ని కుందేళ్లకు నాలుగో కాలును డబ్బిచ్చి మరీ దాచారు. 1967లో అమెరికాలో పంచదార పరిశ్రమ సంఘమొకటి హార్వర్డ్ శాస్త్రవేత్తలకు సొమ్ము చెల్లించి, తప్పంతా కొవ్వు మీదకు తోసి చక్కెరను గట్టెక్కించే సమీక్ష రాయించుకుంది. ఆ పాత కాగితాలు 2016లో బయటపడ్డాయి. ఇక మంచి కొలెస్ట్రాల్ సంగతి. దాన్ని 72 శాతం పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందును 15,000 మందికి పైగా రోగులతో పరీక్షిస్తే, మంచితో పాటు మరణాలూ పెరిగాయి. 2006లో అర్ధాంతరంగా ఆపేశారు. ఇన్ని చూశాక కూడా నన్ను నమ్మమనడం సాహసం. నాకు సందేహం సహజ గుణం. ఫోనులో సందేశం రాగానే ఏదో పొడి తెప్పించుకుని పరగడుపున మింగుతున్నానే, దాని మీద ఎన్ని ప్రయోగాలు జరిగాయని మాత్రం నన్ను అడగకండి. అది నమ్మకానికి సంబంధించిన విషయం.

ఇక్కడిదాకా నా వాదన నల్లేరు మీద బండిలా సాగింది. చిక్కల్లా తరవాతే వచ్చింది. ఈ శాస్త్రవేత్తలు నన్ను సంప్రదించకుండా రాజీకి వచ్చేశారు.

ఇప్పుడు వాళ్లు చెప్పేది ఇది. ఎల్‌డీఎల్ రేణువు ధమని లోపొర కిందికి దూరి అక్కడ చిక్కుకుంటుంది, రూపు చెడుతుంది. దాన్ని ఊడ్చేయడానికి తెల్లకణాలు వస్తాయి. అవి తిని, ఇంకా తిని, నురుగు కణాలై అక్కడే చస్తాయి. ఆ చెత్తే జావ. కండర కణాలు వచ్చి దాని మీద మూత కడతాయి. అదే గట్టిదనం. లోపల రగిలే వాపు ఆ మూతను కొరుకుతుంది. మూత చిట్లిందా, రక్తం అక్కడికక్కడే గడ్డకడుతుంది. అంటే అనిచ్‌కొవ్ కొలెస్ట్రాల్, విర్కో వాపు, రొకిటాన్‌స్కీ గడ్డ అన్నీ ఒకే అంగుళంలో కాపురం ఉంటున్నాయి. ఎవరి మూడు కాళ్లు వాళ్లు పట్టుకున్నారు గానీ కుందేలు ఒకటేనట. నేను దీన్ని రాజీ అననుగా అనను, కుట్ర అంటాను.

పైగా సాక్ష్యాలు చూపిస్తారు. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి పట్టుకునే గ్రాహకాన్ని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ కనిపెట్టి 1985లో నోబెల్ అందుకున్నారు. ఆ గ్రాహకాలు పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు పదేళ్లు నిండకుండానే గుండెపోటు రావచ్చు. వాళ్లు సిగరెట్ కాల్చరు, అప్పుల గురించి దిగులు పడరు. ఆ పిల్లల దగ్గర మాత్రం నా వెటకారం పనిచేయలేదని ఒప్పుకుంటున్నాను. 1994లో 4,444 మంది రోగులతో జరిగిన పరీక్షలో స్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది. 2017లో 10,061 మందితో ఇంకోటి జరిగింది. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపును మాత్రమే అణిచే మందు ఇస్తే గుండెపోటు వంటివి 15 శాతం తగ్గాయి. కాకపోతే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు కొన్ని పెరిగాయి. నేను ఆ చివరి వాక్యం కింద మాత్రమే ఎర్ర గీత గీసుకున్నాను.

కాలం కూడా నా పక్షానే ఉందని వాదించవచ్చు. 2013లో 137 పురాతన మమ్మీలను స్కాన్ చేస్తే 47 మందిలో ఈ జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. వేల ఏళ్ల నాటి జబ్బు నా ఒక్కడి నడకతో పోతుందా? 1953లో కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరిశీలించారు. సగటు వయసు 22. అయినా 77 శాతం మంది ధమనుల్లో జబ్బు మొదలైంది. అంటే నా పూడిక నాకు మీసాలు వచ్చిననాటి నుంచీ నాతోనే ఉందన్నమాట. ఇన్నేళ్ల సహవాసిని ఒక మాత్రతో వెళ్లగొట్టడం ఏం మర్యాద?

అన్నిటికంటే నా ధమని మీద నాకు గౌరవం పెరిగింది 1987 నాటి ఒక పరిశోధన చదివాక. పూడిక పెరుగుతుంటే ధమని తానే బయటివైపు సాగి, రక్తం పారే దారి ఇరుకు కాకుండా చూస్తుందట. ధమని లోపలి చోటులో దాదాపు 40 శాతాన్ని పూడిక ఆక్రమించేదాకా ఏమీ తెలియనివ్వదు. గుట్టుగా అప్పులు మోసే ఇంటి పెద్దలా. అలాంటి మర్యాదస్తురాలి మీద అనుమానపడి స్కానింగులూ పరీక్షలూ చేయించడం నాకు మనస్కరించడం లేదు.

ఇదంతా కాగితం మీద పెట్టాక ఒక శుభవార్త కూడా దొరికింది. 2024లో మెడ ధమనుల్లోంచి తీసిన పూడికలను పరీక్షిస్తే, 257 మందిలో 150 మంది పూడికల్లో పాలిథిలీన్ ప్లాస్టిక్ నలుసులు కనిపించాయి. అవి ఉన్నవాళ్లకు ముప్పు కూడా ఎక్కువగానే కనిపించింది. కారణం అవో, ఇంకేదైనానో ఇంకా తేలలేదు. తేలలేదు! ఇంత తియ్యని మాట ఈ మధ్యకాలంలో వినలేదు. వెంటనే దీన్ని కూడా ఆ కాగితంలో చేర్చి, ప్లాస్టిక్ విచారణ ముగిసేదాకా మాత్ర వాయిదా వేయాలని కోరుతూ, డాక్టరుగారికి స్వయంగా అందించడానికి బయలుదేరాను.

ఆయన గది రెండో అంతస్తులోనే ఉంది. మొదటి మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని కాసేపు ఆగాను. ఆయాసం అనుకునేరు, కాదు. కుందేలు గురించి ఆలోచించడానికి. కిందటి నెల ఇవే మెట్లు ఎక్కినప్పుడు ఒక్కచోటే ఆలోచించాను. ఈసారి మూడు చోట్ల ఆలోచించవలసి వచ్చింది.